గోడ మీది దొర

నెల్లూరు, సోమవారం

జేజికి, నీ మనవరాలు బిందు దండం పెట్టి రాసేది.

ఫోన్లో నా మాట నీకు వినపడదు, అరిస్తే ఆఫీసంతా వింటుంది. అందుకే మునెయ్య మామ చేపల వ్యాన్లో ఉత్తరం పంపుతున్నా.

నేను చేరిన మ్యూజియంలో కొత్త గది తెరుస్తున్నారు. పేరు ‘మన చరిత్రను మార్చిన విదేశీయులు’. అలెగ్జాండరు, బాబరు, వాస్కోడగామా, బ్రౌన్ దొర, కాటన్ దొర అందరూ గోడలెక్కేశారు. పదో గోడ మన నెల్లూరు తీరానిదట, ఖాళీగా ఉంది. మా డైరెక్టరు శివశంకర్ గారు చరిత్రలో డాక్టరేటు చేసిన మనిషి, ఖాళీ గోడని చూసి తట్టుకోలేరు. వచ్చే సోమవారం ప్రారంభం. ఆలోగా ఒక విదేశీయుణ్ణి తెస్తే నా ఉద్యోగం ఖాయం. తేకపోతే నాన్న చూసిపెట్టిన రొయ్యల మేత కంపెనీలో కూర్చోవాలి.

నీ ముందు గదిలో ఒక దొర ఫోటో ఉంది కదా. కోటు, సన్న మీసం, చిన్న నవ్వు. ఏటా తాత తిథి నాడు ఆయనకి దండ వేసేదానివి. ఎవరాయన? నాన్ననడిగితే మీ జేజినే అడుగు అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఉంటాను,
బిందు

తా.క. ఈసారి ఎండు మెత్తళ్లు పంపకు. పోయినసారి ఆ చేపల వాసనకి హాస్టల్లో ఎలుక చచ్చిందని రెండు రోజులు బీరువాలు జరిపారు. అనుమానం రాకుండా నేనూ ఒక చెయ్యి వేశాను.

* * *

జువ్వలదిన్నె, మంగళవారం

బంగారు తల్లి బిందుకి జేజి దీవించి రాసేది.

ఆయన సంగతి నీకెందుకుమే ఇప్పుడు. ఉన్నాడు, ఉండనీ. అడిగినావు కాబట్టి చెప్తుండా. మీ నాయనకి అయిదేళ్ళప్పుడు మీ తాత మాలకొండయ్య ఆయన్ని నెల్లూరు ట్రంకురోడ్డు నుంచి బస్సులో తెచ్చినాడు. కండక్టరు ఆయనకి టిక్కెట్టు అడగలేదు. వచ్చిన కాడ్నుంచి నా ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, ఒకర్ని ఒక్క మాట అనలేదు. ఆయన అడ్డం నిలబడకపోతే మీ తాత పరువు నడివీధిలో పడుండేది. ఇంకేం అడగబాకు.

ఇట్లు నీ జేజి,
కామమ్మ

తా.క. మన ఊరి చరిత్ర మార్చింది లైలా తుఫాను, మొన్నటి మిచౌంగ్ తుఫాను. ఆ పేర్లు పెట్టింది బయటి దేశాలోళ్ళేనంట. వాళ్ళని ఎక్కించుకో గోడకి.

* * *

నెల్లూరు, బుధవారం

జేజికి దండాలు.

నీ ఉత్తరం చదివి మా సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. టిక్కెట్టు అడగలేదంటే పెద్ద హోదా ఉన్నవాడట. నీళ్ళు ముట్టలేదంటే మత్స్యకారుల కోసం నిరాహార దీక్షట. మాట్లాడలేదంటే మౌనవ్రతమట. దీక్షలో ఉన్న మనిషి బస్సెందుకు ఎక్కాడో నాకు అర్థం కాలేదు గానీ, పదో గోడ నావైపే చూస్తోంది, నోరు మూసుకున్నా.

మునెయ్య మామ ఫోన్లో తీసి తెచ్చిన ఫోటోని సారు ఎనిమిది అడుగులకు పెంచారు. పెంచి చూస్తే దొరకి కుడి చెవి లేదు. అదెలా పోయింది? ఆయన పేరేంటి, ఏ దేశం?

తొందరలో,
బిందు

తా.క. పుట్టిన తేదీ సారే చూసుకుంటానన్నారు. చనిపోయిన తేదీ ఒక్కటి నువ్వు పంపు.

* * *

జువ్వలదిన్నె, గురువారం

బిందుకి జేజి దీవెనలు.

పేరు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ట్రంకురోడ్డుకి ముందు యాడుండేవాడో నాకేం తెలుసు. ఆడ ఆయన మాదిరే ఇంకో నలభై మంది వరసగా ఉన్నారని మీ తాత చెప్పినాడు. అందరికీ అదే కోటు, అదే నవ్వంట.

చెవి లైలా తుఫానులో పోయింది. మేమందరం షెల్టరుకి పరిగెత్తితే ఆయనొక్కడే నీళ్ళలో ఇల్లు కనిపెట్టుకోని ఉన్నాడు. తిరిగొచ్చి చూస్తే చెవి లేదు, నవ్వు మాత్రం అట్నే ఉండాది. చచ్చిపోయే తేదీ అంటావా, ఆయనెందుకు చస్తాడు.

జేజి

తా.క. ఎనిమిది అడుగులెందుకుమే. మీ తాతే అయిదడుగులు.

* * *

నెల్లూరు, శుక్రవారం

జేజీ, తల తిరిగిపోతూ రాస్తున్నా.

లైలా వచ్చింది 2010లో. అప్పటికే ఆయనకి దండలు వేస్తున్నావు. దండ పడ్డ మనిషికి చెవి ఎలా పోతుంది? పోయింది మనిషి చెవి కాదు, ఫోటో చెవి అని నాకు తట్టేసరికి సారు బోర్డు రాయించేశారు: ‘నలభై మంది సహచరులతో వచ్చి, తుఫానుకు ఎదురొడ్డి, తన చెవిని అర్పించిన మహనీయుడు.’ ఫోటో చెవి సార్ అంటే, చరిత్రలో మరీ వివరాలకు పోకూడదమ్మా అన్నారు. ఆ నలభై మందినీ వెతకమని నాకే అప్పజెప్పారు.

రేపు సారు కారు మీ ఇంటికొస్తుంది. అసలు ఫ్రేము ఇచ్చి పంపు. వెనక అట్ట విప్పి సంతకం ఏమన్నా ఉందేమో చూస్తారట.

నీ,
బిందు

తా.క. ఆయనెవరో తేలకపోతే మంగళవారం నుంచి నేను రొయ్యల దగ్గర.

* * *

జువ్వలదిన్నె, శనివారం

బిందుకి జేజి రాసేది. ఇది ఎవరికీ చూపించబాకు.

అట్ట మీరు విప్పబాకండి. నేనే విప్పి పంపిస్తుండా.

ఆ దొరెవరో నాకూ తెలీదు. ఫ్రేము కొంటే అందులో ఉన్నాడు. అంగట్లో అన్ని ఫ్రేముల్లోనూ ఆయనే. నేను చెప్పేది బొమ్మ సంగతని నీకు తెలుసనే అనుకున్నా. ఆయన వెనకాల ఉండేది మీ తాత.

ఆ ఏడు వేటకి పోయిన పడవ ఇంజను చెడి, పదకొండు దినాలు కొట్టుకోని పోయి, నాకు పేరు నోరు తిరగని దేశంలో తేలింది. ఆరుమంది ఉన్నారు పడవలో. దొంగతనంగా వచ్చినారని జైల్లో పెట్టినారు. మనిషి పోయినాడనే అనుకున్నా నేను. నాలుగో నెలలో సర్కారోళ్ళ కవర్లో ఫోటో వచ్చింది. పెరిగిన గడ్డం, చేతిలో నంబరు రాసిన పలక. ఆయన బతికుండాడని నాకు చెప్పింది ఆ ఫోటోనే.

తిరిగొచ్చినాక దాన్ని గోడకి పెట్టుకుంటానన్నా. ఖైదీ ఫోటో పెడతావా, ఊరంతా నవ్వుతారని చింపబోయినాడు. నేను అన్నం మానేసినా. మూడోనాడు ఫ్రేము తెచ్చి, దొర వెనకాల ఆ ఫోటో దూర్చి, “నువ్వు నన్ను చూసుకో, ఊరు ఈయన్ని చూడనీ” అన్నాడు. మళ్ళీ ఇంకో ఫోటోకి నిలబడలేదు. దండ ఆయనకేమే, దొరకి కాదు.

నీకు విదేశీయుడు కావాలంటివి. ఆ దేశంలో మీ తాతే గదా విదేశీయుడు. ఇప్పుడు తాతని ముందరికి తెచ్చి, దొరని వెనక్కి పంపినా. నీ ఉద్యోగం నిలబడాల. ఊరు నవ్వితే నేను చూసుకుంటా.

నీ జేజి,
కామమ్మ

తా.క. చరిత్ర మార్చినాడా అని మీ సారు అడిగితే, ఆ జైలు వంటాయనకి చేపల పులుసులో మామిడికాయ వేసేది మీ తాతే నేర్పించినాడని రాయి.

* * *

నెల్లూరు, మంగళవారం

జేజికి, బిందు కాళ్ళకు మొక్కి రాసేది.

నిన్న పొద్దున్నే ఎనిమిది అడుగుల దొరని దించి తాతని తగిలించాను. కింద నా చేత్తో రాశాను: ‘మాలకొండయ్య, జువ్వలదిన్నె. కొన్నాళ్ళు విదేశీయుడు.’ సారు చూసి ఏం మార్చాడీయన అంటే పులుసు సంగతి చెప్పాను. విదేశీయులు మన చరిత్రను మార్చాలి గానీ మనవాళ్ళు వాళ్ళ పులుసును మార్చడమేంటని, గది తాళం ఇచ్చి వెళ్ళిపొమ్మన్నారు.

తాళం ఇవ్వబోతుంటే మునెయ్య మామ వ్యాను వచ్చి ఆగింది. మన ఉత్తరాలన్నీ దారిలో చదివేశాడట. కవరు అంటించకపోవడం నా తప్పేనన్నాడు. ఆయన చంకలో తువ్వాలు చుట్టిన ఫ్రేము. ముందు లక్ష్మీదేవి. వెనక వాళ్ళ నాన్న, పలక పట్టుకుని.

ఆ పడవ వాళ్ళ ఇళ్ళ నుంచి ఇంకో నలుగురు వ్యాన్లోంచి దిగారు, తలా ఒక ఫ్రేముతో. ఒకరి తాత వెంకటేశ్వరస్వామి వెనక, ఒకరి మామ పాలడబ్బా మీది పాపాయి వెనక, ఇద్దరు మన దొరల వెనకే. ఆరుగురూ నలభై ఏళ్ళకు పైగా ఆరిళ్ళలో ఒకరికి తెలియకుండా ఒకరు దాక్కున్నారు జేజీ. పక్కపక్కన పెడితే పలకల మీద నంబర్లు వరసగా వచ్చాయి. చూడ్డానికొచ్చిన జనం అలెగ్జాండర్ని వదిలేసి అక్కడే నిలబడ్డారు. ఒక్కరూ నవ్వలేదు.

సారు వంగి ఆ నంబర్లు ఒక్కొక్కటే చదివారు. తర్వాత, ఆరుగురికి ఒక గోడ చాలదు, పక్క గది కూడా తీసి ఊడ్పించమ్మా అన్నారు. రెండు గదుల తాళాలూ ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి.

నీ మనవరాలు,
బిందు

తా.క. తాత వెనకున్న దొరని సారు తీసి తన బల్ల మీద పెట్టుకున్నారు. ఏ దేశమో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.