ముందుగది నిశ్శబ్దం

అమ్మా,

నేను కులాసా. ఫోన్‌లో చెబితే మాటకు మాట పెరుగుతుందని కార్డు రాస్తున్నాను. ఈ సెలవులకు రాలేను. బడి ఖాళీగా దొరికేది ఇప్పుడే, నా సినిమా దాదాపు అంతా ఆ తరగతి గదుల్లోనే.

షాట్ అయ్యాక, తర్వాత మాటల మధ్య ఖాళీల్లో అతికించుకోవడానికి, గది నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం రికార్డు చేస్తాం. అందరూ కదలకుండా నిలబడాలి. నిన్న అలా కళ్లు మూసుకున్నానా, కిటికీలోంచి ఎండ రెప్పల మీద పడగానే మన ముందుగదిలో నీ కుట్టుమిషను పక్కన కూర్చున్నట్టే ఉంది. సౌండాయన "అయిపోయిందండీ డైరెక్టరు గారూ, ఇక ఊపిరి పీల్చుకోండి" అనేదాకా నేను ఇక్కడ లేను.

మిషను బెల్టు మార్పించావా? మోకాలికి నూనె రాస్తున్నావా?

ఒక పని చెయ్యి. సినిమాలో అమ్మాయి ఇల్లు చేరే సీనుకు మన ముందుగది నిశ్శబ్దం కావాలి. తమ్ముణ్ణి ఫోన్ బల్ల మీద పెట్టి నిమిషంపాటు రికార్డు చెయ్యమను. ఎవరూ మాట్లాడకూడదు. "మీ అమ్మ వల్ల అయ్యే పనేనా?" అంటారు నాన్న, తెలుసు.

ఆయనకు నమస్కారాలు, తమ్ముడికి దీవెనలు. మధ్యలో నువ్వు మాట్లాడేస్తే మళ్లీ మొదటినుంచి తియ్యొద్దని వాడికి చెప్పు. అదే పంపమను.

నీ పెద్దది