దొరవారి కారు ఎందుకు ఆగలేదంటే

దొరవారి సమక్షానికి, తమ కారు డ్రైవరు నర్సింహులపేట నుంచి దండాలతో రాసుకుంటున్నాడు.

నేను ఊరి కూలీల సంఘంలో కలిసిపోయి, కావాలనే బ్రేకు చెడగొట్టానని తమరు హైదరాబాదులో అందరితో అంటున్నారట. అది అబద్ధం. మొన్న తమ గడీ ముందు బ్రేకు తొక్కితే బండను తొక్కినట్టుంది, కిందికి దిగనే లేదు. అందుకే కారు గడీ దాటి, కళ్లంలో జరుగుతున్న సంఘం మీటింగులోకి పోయి గడ్డివాములో దూరింది. మీటింగు నడిపే యాకమ్మ మర్యాదగానే, "ఏంది దొరా, జర చెప్పి రావొద్దా? కూసో, అంబలి తాగు" అన్నది. గడ్డిలోంచి "సంఘం జిందాబాద్" అని అరిచింది మాత్రం తమరే, నేను కాదు.

తమరు వెళ్లాక కారు కిందికి దూరి చూశాను. నూనె సరిగానే ఉంది, కడ్డీ వంగలేదు. చివరికి పెడలు కింద చెయ్యి పెడితే నా ఎడమ చెప్పు దొరికింది. దొర ముందు చెప్పులు తొడగరాదు గనుక ఎప్పటిలాగే విప్పి సీటు కింద పెట్టుకున్నాను. బాటలో గుంతకు కారు ఎగిరినప్పుడు అది జారి అక్కడ ఇరుక్కుంది. తీసేశాను. ఇప్పుడు బ్రేకు మెత్తగా దిగుతోంది.

మళ్లీ ఇట్లా కాకుండా ఉండాలంటే ఒకటే రిపేరు. ఇకమీదట చెప్పులు నా కాళ్లకే ఉంటాయి. కాదు, విప్పాల్సిందేనంటే తమ ఇష్టం, విప్పుతాను. కాకపోతే సంఘం మీటింగు మళ్లీ శుక్రవారమట. ఆ గడ్డివాము ఇప్పుడక్కడ లేదు.

ఇట్లు,
చెప్పులేసుకునే ఇదంతా రాసిన
తమ డ్రైవరు