రేవు మరుగుదొడ్డి తీర్మానం

పోర్ట్ హెల్లన్

చిట్టితల్లి టామ్సిన్‌కి అమ్మమ్మ ముద్దులు.

గాలీవానా తప్ప ఇక్కడంతా క్షేమం. నాకే ఒక చిక్కు వచ్చిపడింది. మన గ్రామసభ హాలు కప్పు కారుతోంది. రేవు దగ్గరి మరుగుదొడ్డిని పేస్టీలు కాల్చి అమ్మే కొట్టువాళ్ళకు అమ్మేసి, ఆ డబ్బుతో కప్పు వేయిద్దామని మన సభ్యుడు ట్రెలోర్ తీర్మానం పెట్టాడు. సభ్యులు చెరిసగం. అధ్యక్షురాలిని గనక తేల్చాల్సింది నేనే. ఆ మరుగుదొడ్డిని మూయనివ్వనని ఎన్నికలప్పుడు ఇంటింటికీ తిరిగి మాటిచ్చాను. ఇప్పుడేమో ఆ కప్పు చూస్తే మనసు పీకుతోంది. నువ్వు యూనివర్సిటీలో రాజకీయం, తత్వశాస్త్రం రెండూ కలిపి చదువుతున్నావు కదా, ఏం చెయ్యాలో సూటిగా రాయి.

నీ అమ్మమ్మ
మోర్వెన్నా

తా.క.: నువ్వు చదివేది ఫిజియోథెరపీ అనుకుని తాతయ్య మోకాలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నేను కాదనలేదు.

లీడ్స్

ప్రియమైన అమ్మమ్మా,

సూటిగా రాయడం ఇక్కడ మాన్పించేశారు. రాజకీయం మేడమ్ 'ఇందులో లాభం ఎవరికి?' అని అడగమంటుంది. తత్వశాస్త్రం సారేమో 'అసలు లాభమంటే ఏమిటి?' అంటాడు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. ఈ రెండూ ఎక్కడా కలవవు. మానేసి ఇంటికొచ్చేద్దామని ఉంది.

నీ సంగతికొస్తే, ఆనాడు మాటిచ్చిన మోర్వెన్నా, ఇవాళ్టి నువ్వూ ఒకే మనిషి అనడానికి రుజువేమిటి? ముందది తేల్చుకో.

నీ టామ్సిన్

తా.క.: నిన్న క్లాసులో నా కుర్చీ ఉందని నిరూపించలేకపోయాను. గంటసేపు నిలబడే ఉన్నాను.

పోర్ట్ హెల్లన్

టామ్సిన్,

నాకు మతి పోయిందని ఇంత మర్యాదగా ఎవరూ చెప్పలేదు. నీ ఉత్తరం చదివి తాతయ్య హడలిపోయి నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు. ఇవాళ ఏ వారం, ప్రధానమంత్రి ఎవరు అని అడిగింది. రెండూ చెప్పాను. ప్రధానమంత్రి మీద నా అభిప్రాయం కూడా మొదలుపెట్టేసరికి, "మీకేం కాలేదు, ఇక వెళ్ళండమ్మా" అంది.

ఇంకా అదే మనిషినైన
మీ అమ్మమ్మ

తా.క.: సభ బుధవారం. సలహా చెప్పేదుంటే మనుషుల భాషలో చెప్పు.

లీడ్స్

అయ్యో అమ్మమ్మా, క్షమించు!

అది ఉత్త ప్రశ్న, అంతే. అలాంటివి నిన్ను కాదు, ట్రెలోర్ గారిని అడగాలి. 'మాట అంటే ఏమిటి? ఊరుమ్మడి అంటే ఏమిటి?' అని. జవాబు తేలదు గానీ, మాటలు మాత్రం ఆగవు. ఇంతకంటే పనికొచ్చే సలహా నా దగ్గర లేదు, అదే సిగ్గుగా ఉంది. శుక్రవారం వెళ్ళి కోర్సులోంచి నా పేరు తీయించేసుకుంటాను.

నీ టామ్సిన్

పోర్ట్ హెల్లన్

బంగారుతల్లీ,

పేరు తీయించుకోకు! అందుకే ఇది అర్జంటు పోస్టులో పంపుతున్నాను.

నువ్వన్నట్టే అడిగాను: "ట్రెలోర్, ఊరుమ్మడి అంటే ఏమిటయ్యా?" ఇన్నేళ్ళలో మన సభ్యుల అభిప్రాయం ఎవరూ అడిగినట్టు లేదు, అందరూ ఒకటే మాటలు. హాల్లో ఉన్న మరుగుదొడ్డి ఎప్పుడో పాడై తాళం పడింది కదా. ట్రెలోర్ కాలు మీద కాలేశాడు, మార్చి వేశాడు, చివరికి లేచి నిలబడ్డాడు.

"మోర్వెన్నా, త్వరగా ఓటు పెట్టు తల్లీ!"

"ముందు 'త్వరగా' అంటే ఏమిటో తేలనీ," అన్నాను.

అంతే, ట్రెలోర్ తలుపు తోసుకుని వానలో రేవు వైపు ఒకటే పరుగు. వెనకాలే మిగతావాళ్ళూ! తిరిగొచ్చాక ఒక్కొక్కళ్ళ మొహం ఎంత తేటగా ఉందనీ! తీర్మానం ట్రెలోరే వెనక్కి తీసుకున్నాడు. కప్పు మీద టార్పాలిన్ కూడా తనే కడతానన్నాడు. నా మాట దక్కింది, హమ్మయ్య! నీ చదువులు రెండూ కలవవన్నావు, చూశావా? చదువుకో తల్లీ.

నీ అమ్మమ్మ
మోర్వెన్నా

తా.క.: ప్రశ్నలు నీవే గానీ, టీ నాది. చర్చ సాగినంతసేపూ అందరి కప్పులూ నింపుతూనే ఉన్నాను. నేను మాత్రం చుక్క ముట్టలేదు.