చదువుకున్న ఆడకూలి

బాపట్ల,
ఆదివారం.

అమ్మకు భువన నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. చుండూరులో నువ్వు, గేదె, దూడ క్షేమమని తలుస్తాను. నీ మోకాళ్ళ సంగతి అడగడానికే భయంగా ఉంది.

నీకు ఉత్తరాలు చదివిపెట్టే విశాలాక్షి టీచరుగారి చేత నువ్వు రాయించిన ఉత్తరం అందింది. ఫోను ఎందుకు చేయడం లేదని అడిగావు. ఫోనులో అయితే నా గొంతు వినగానే సంగతి పట్టేస్తావమ్మా. అన్నం వేళకే తింటున్నాను. గదిలో మనీషా తోడుంది.

మా రొయ్యల కంపెనీ ల్యాబులో కొత్తగా చేరిన అనుదీప్ పని నేర్చుకున్నాడా అన్నావు. నేర్చుకున్నాడు. చెరువుల్లో వాడిన మందులు రొయ్యల్లో మిగిలాయో లేదో పరీక్ష చేయడం నేనే నేర్పాను. తీరా చూస్తే అతని జీతం నాకంటే బాగా ఎక్కువ. మేనేజరు హనుమంతరావుగారిని అడిగాను.

"అతను ఇల్లు నడపాలి కదమ్మా. నీకేంటి, రేపు పెళ్ళయితే వెళ్ళిపోయేదానివి."

"మా ఇల్లు నడిపేది నేనేనండి. నాన్న లేరు."

"ఆడపిల్ల సంపాదనతో ఏ ఇల్లు నిలబడిందమ్మా?"

పక్క బల్ల దగ్గర అనుదీప్ నేను నేర్పిన పరీక్షే చేసుకుంటున్నాడు.

నాకు నువ్వు గుర్తొచ్చావు. మగవాళ్ళతో సమానంగా నారు కట్టలు మోసిన రోజున కూడా యలమంద బాబాయికి మగకూలి, నీకు ఆడకూలి. ఇంటికొచ్చి నా పుస్తకాల సంచి సర్దుతూ, "చదువుకున్నోళ్ళకి ఆడకూలి, మగకూలి ఉండవే" అనేదానివి. ఉన్నాయమ్మా. ఇక్కడ దాన్ని జీతం అంటారు.

టీచరుగారూ, ఇక్కడి నుంచి అమ్మకు మెల్లగా చదవండి.

ఆ మర్నాడే నన్ను ల్యాబు నుంచి తీసేశారు. తెనాలి వెళ్ళాను, రేపల్లె వెళ్ళాను. ఎక్కడికెళ్ళినా ముందు పెళ్ళి సంగతే అడిగారు. చివరికి అదే కంపెనీ షెడ్డులో, ఐసు నీళ్ళ ముందు నిలబడి రొయ్యల తలలు తీస్తున్నాను. కిలోల లెక్కన ఇస్తారు. తలలు తీసేది అందరం ఆడవాళ్ళమే. తూకం వేసేది మగవాళ్ళు, వాళ్ళకు నెలజీతం.

"డిగ్రీ చదివిన వేళ్ళు కదమ్మా, రొయ్యకి కూడా లోకువే" అని పక్కనున్న శకుంతలక్క నవ్వుతుంది. తర్వాత నా ముందున్న గుట్టలో కొంత తన వైపు లాక్కుని, తీసిన రొయ్యలు నా తట్టలోనే వేస్తుంది. వేళ్ళు ఒరుసుకుపోయి పెన్ను నిలవడం లేదు. అక్షరాలు వంకరగా ఉన్నాయని టీచరుగారు ఈపాటికి చెప్పే ఉంటారు.

ఇక నీ ప్రశ్న. డాక్టరు వంగొద్దన్నాడు, ఈ ఏడు నాట్లకు పోవడం మానేయనా అని అడిగావు. మానేయమ్మా అని రాయడానికే ఈ కాగితం తీసుకున్నాను. రాయలేకపోతున్నాను.

ఈ ఒక్క ఏడు వెళ్ళమ్మా. మోకాళ్ళకు గుడ్డ గట్టిగా కట్టుకుని వెళ్ళు.

ఇట్లు,
నువ్వు వంగితే చదువుకున్న నీ కూతురు,
భువనేశ్వరి