కూత మధ్యలో ముచ్చట

కాజీపేట,
జులై చివరి వారం

నన్ను ఇంతకాలం భరించిన భారతక్కకు,

ఫోన్‌లో రుద్రమ సంగతి మొదలుపెట్టి, కరెంటు బిల్లు మీదుగా పక్కింటి పిల్లి దాకా పోయానని, అసలు సంగతేమిటో నీకు ఇప్పటికీ తెలియలేదని విసుక్కున్నావు. ఉత్తరం రాస్తే అర్థం కానిచోట వెనక్కి వెళ్ళి చదువుకుంటానన్నావు. అందుకే రాస్తున్నాను. మధ్యలో కుక్కర్ కూత వేస్తే లేచి వెళ్తాను, అది నీకు తెలియదులే.

రుద్రమను హనుమకొండలో పిల్లల డాక్టరుకు చూపించాం. ఏడో తరగతికి వచ్చినా బడినుంచి రోజూ ఒకటే ఫిర్యాదు. సగం లెక్క చేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుందట. డాక్టరు గారు చాలాసేపు మాట్లాడి ఏకాగ్రత లోపం అన్నారు. అది తెలివి తక్కువతనం కాదట, మా పెంపకం తప్పూ కాదట. ఒక్కదాని మీద నిలవాల్సిన ధ్యాస చుట్టూ ఉన్న అన్నింటి మీదికీ పోతుందట. ఆయన ప్రశ్నలు అడుగుతుంటే నేను పూర్తిగా వినకముందే అవునంటున్నాను. వస్తువులు పోగొట్టుకుంటుందా, అవును. మొదలుపెట్టిన పని వదిలేస్తుందా, అవును. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో, అవును. రుద్రమ కుర్చీలో గుండ్రంగా తిరుగుతూనే, "డాక్టరంకుల్, మీరు నా గురించి అడుగుతాండ్రా, మా అమ్మ గురించా?" అంది. నీ మరిది మధు దగ్గినట్టు నటిస్తూ గోడవైపు తిరిగాడు.

డాక్టరు గారు మందు రాసి, ఆటల్లో కూడా వేయమన్నారు. ఒళ్ళు అలిస్తే మనసు కొంచెం కుదురుకుంటుందన్నారు. మధు రైల్వేలోనే పనిచేస్తాడు కదా, తనకు తెలిసిన మైదానంలో క్రికెట్‌లో చేర్చాడు. అక్కడే పొరపాటు జరిగింది. ఆ మైదానం పక్కనే పట్టాలున్నాయి. రెండు వారాలకు కోచ్ ఇర్షాద్ సార్ నన్ను పక్కకు పిలిచాడు.

"మేడమ్, పాప మస్తు ఉరుకుతది. కానీ బాల్ వచ్చినప్పుడు కాదు, రైలు వచ్చినప్పుడు."

"జర చెప్పి చూడకపోయిన్రా సార్?"

"చెప్పిన. గూడ్సుకు ఎన్ని డబ్బాలున్నయో చెప్పి పోయింది. కరెక్టే చెప్పింది."

తరువాత షటిల్‌లో వేశాం. అక్కడ తన కోర్టులో ఆడుతూ పక్క కోర్టువాళ్ళ షటిల్ కూడా కొట్టి వచ్చేది. వాళ్ళకు ఒక పాయింటు కూడా తెచ్చిపెట్టిందట. ఇప్పుడు కబడ్డీ అంటోంది. కబడ్డీలో పక్క కోర్టు లేదని ఒప్పుకున్నాను.

నీ చెల్లెలు,
పద్మలత


కాజీపేట,
ఆగస్టు

ప్రియమైన అక్కా,

నీ జవాబు అందింది. మందు గురించి భయపడవద్దు. డాక్టరు గారు నెలనెలా చూస్తున్నారు, లెక్క ఇప్పుడు ముప్పావు వంతు దాకా చేస్తోంది.

కబడ్డీ దానికి పడింది. బడిలో సుభాషిణి మేడమ్ అని ఆటలు నేర్పే పీఈటీ ఉన్నారు. ఆవిడ రుద్రమ మీద దూరంనుంచి కేకలు వేయరు. దగ్గరికి వచ్చి, కళ్ళలోకి చూసి, ఒక్క మాట చెబుతారు. "కుడి." అంతే. తన వంతు కోసం వరసలో నిలబెట్టకుండా, ఈలోపు గీతకు సున్నం పోసి రమ్మంటారు. పిల్ల ఎంత చురుగ్గా కదులుతోందో చూడాలక్కా. పట్టుకోబోయిన చేతుల్లోంచి చేపలా జారిపోతుంది.

చిక్కల్లా కూతతోనే వచ్చింది. గీత దాటి అవతలి జట్టువైపు వెళ్ళినప్పుడు కబడ్డీ కబడ్డీ అని ఆపకుండా అనాలి కదా. మొన్న ప్రాక్టీసులో కూత పెడుతూ బ్రహ్మాండంగా వెళ్ళి, ఒకమ్మాయిని తాకబోతూ, "నీ క్లిప్పు జారిపోతాంది చూసుకో" అంది. కూత ఆగింది, అవుటయింది. పిల్లలంతా పడీపడీ నవ్వారు. అప్పటినుంచి దాన్ని న్యూస్ చానెల్ అంటున్నారు. అక్కడే ఉన్నా దాని మొహం నేను చూడలేదు. చూసే ధైర్యం లేక చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను.

ఎందుకో నీకు చెప్పాలి. ఇది నీకు కూడా తెలియదు, నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు. నేను రుద్రమంత ఉన్నప్పుడు బడిలో పరుగు పందెం పెట్టారు. నేను అందరికంటే ముందున్నాను. ఇంకొంచెం పోతే గీత. పక్కన చూస్తే ఒక లేగదూడ బకెట్టులో తల ఇరికించుకుని తిప్పలు పడుతోంది. నా కాళ్ళు అటు తిరిగాయి. దూడ తల విడిపించి వెనక్కి చూసేసరికి పందెం అయిపోయింది, బడంతా నవ్వుతోంది. నాయిన అందరి ముందూ సార్లతో, "దీని తలకాయల ఏం లేదు, ఇంక దీన్ని ఆటలకు తోలకున్రి" అన్నాడు. నేను కూడా నవ్వాను. ఇంటికి వచ్చి స్నానాల గదిలో నీళ్ళు పారబోస్తూ ఏడ్చాను. ఆ తరువాత నేను మళ్ళీ పరుగెత్తలేదక్కా. కదులుతున్న బస్సు కోసం కూడా పరుగెత్తలేదు. నేనంటే ఎప్పుడూ నవ్వు మొహం అంటారు కదా, నవ్వించడం నేర్చుకున్నది ఆ తరువాతే. వాళ్ళు నవ్వేలోపు నేనే నవ్వించేస్తే సరిపోతుందని.

నా బిడ్డకు అది రానివ్వను. ఆదివారం వర్ధన్నపేటలో పోటీ ఉంది. మిగతా పిల్లలు మేడమ్‌తో ముందుగా ఆటోలో వెళ్తున్నారు, రుద్రమను నేను బస్సులో తెస్తానని చెప్పాను. కానీ తీసుకెళ్ళను. హనుమకొండ బస్టాండులో ఇంకో దారిన పోయే నర్సంపేట బస్సు ఎక్కేస్తాను. చాలాదూరం పోయాక, అయ్యో బోర్డు చూసుకోలేదు అంటాను. నా సంగతి అందరికీ తెలిసిందే, ఒక్కరు కూడా అనుమానించరు. ఆ తరువాత మెల్లగా ఆట మాన్పించేస్తాను. మధుకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నీ
పద్మ


కాజీపేట,
సెప్టెంబరు

అక్కా, మా బంగారు అక్కా,

నీ కోపం చదివాను. నువ్వు ఆ ఉత్తరం పోస్టు చేసేటప్పటికే అంతా జరిగిపోయింది. వరసగా చెబుతాను, నువ్వు కూడా వరసగానే చదువు.

ఆదివారం బస్టాండుకు వెళ్ళాం. నర్సంపేట బస్సు ఎదురుగానే ఉంది. ఎక్కబోతుంటే ఇద్దరు ఆడవాళ్ళు బోడకాకరకాయల మీద వాదులాడుకుంటున్నారు. గింజ ముదిరినవి కూర వండాలా, పారేయాలా అని. ముదిరినవాటిని చీల్చి కారం పెట్టి వేయిస్తే ఎంత బాగుంటాయో చెప్పకుండా ఎట్లా ఉంటాను? చెబుతూ వాళ్ళ వెంట నడిచాను. వాళ్ళు కూర్చుంటే నేనూ కూర్చున్నాను. రుద్రమ కిటికీ దగ్గర కూర్చుంది. ఉల్లిగడ్డ ఎప్పుడు వేయాలన్న దగ్గరికి వచ్చేసరికి బస్సు మామునూరు దాటింది. కండక్టరు టికెట్టు అడిగితే తలెత్తి బోర్డు చూశాను. వర్ధన్నపేట. కావాలని తప్పిపోదామనుకున్నదాన్ని, పరధ్యానంలో సరైన బస్సు ఎక్కాను. మధుకు తరువాత చెబితే నేలమీద కూర్చుని నవ్వాడు.

ఇంక తిరిగి రాలేను, బస్సు దిగేసరికే సుభాషిణి మేడమ్ ఎదురు వచ్చి పిల్ల చేయి పట్టుకున్నారు. ఆట మొదలైంది. రుద్రమ కూతకు వెళ్ళి మొదట ఇద్దరిని తాకి వచ్చింది. నేను లేచి నిలబడి ఎవరిదో కొంగు పట్టుకుని లాగాను. ఆ తరువాతి కూతలో అవతలి జట్టు మధ్యదాకా వెళ్ళి, హఠాత్తుగా ఆగి, వేలు చూపించి, "అగో, మీ సారు నిద్రపోతాండు" అంది. నిజమే, ఆయన కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతున్నాడు. మైదానమంతా గొల్లుమంది. ఆ నవ్వుకు ఆయన లేచి, ఏమీ తెలియక చప్పట్లు కొట్టాడు.

నాకు ఆ పాత నవ్వే వినిపించింది. గబగబా వెళ్ళి, అవుటై గీత పక్కన నిలబడ్డ రుద్రమ చేయి పట్టుకున్నాను.

"పోదాం పా బిడ్డా."

"యాడికి?"

"ఇంటికి. అందరు నవ్వుతాండ్రు."

అప్పుడు దాని మొహం చూశానక్కా. కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా అదే అందరికంటే ఎక్కువ నవ్వుతోంది. "నేను కూడ నవ్వుతాన్న గదా. నవ్వొచ్చే ముచ్చటే గదమ్మా. నువ్వు పోయి కూసో, నేను మల్ల పోవాలె."

మేడమ్ దగ్గరికి వచ్చి దాని భుజం మీద చేయి వేశారు. నన్ను తిట్టలేదు. దానితోనే, "రుద్రమ. కాళ్ళు చూడు. కాళ్ళే" అన్నారు. అది తల ఊపింది. మళ్ళీ దాని వంతు వచ్చాక వెళ్ళింది, కాళ్ళే చూసింది, ఇంకో పాయింటు తెచ్చింది. చివరికి మా జట్టు ఓడిపోయింది. పిల్లలు కాసేపు మొహాలు వేలాడేసి, మిర్చి బజ్జీలు వచ్చాక మరిచిపోయారు.

తిరుగు బస్సులో దానికి దూడ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. మధ్యలో అడ్డు తగలకుండా మొత్తం విన్నది, అదే మొదటిసారి.

"దూడ బతికిందా?" అంది.

"బతికింది."

"మరి తాత ఎందుకు తిట్టిండు?"

"అందరు నవ్విన్రని సిగ్గనిపించిందేమో."

"నువ్వు మల్ల ఎన్నడు ఉరికినవ్?"

"ఉరకలే."

"ఇన్నేండ్లా?" అంది. ఇన్నేళ్ళు నేను అన్నం తినలేదని చెప్పినట్టు నావైపు చూసింది. తరువాత నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. నాకు ఏడుపు వచ్చింది కానీ పక్కన కూర్చున్నామె దానిమ్మ చెట్టు గురించి అడిగితే అందులో పడిపోయాను.

నువ్వు రాసింది నిజమే. ఆ నవ్వు నాకు తగిలింది, దానికి కాదు. నా గాయానికి దానికి కట్టు కట్టబోయాను. డాక్టరు గారిని మొన్న నా సంగతి కూడా అడిగాను. పెద్దవాళ్ళకు చూసే డాక్టరు దగ్గరికి పంపుతానన్నారు. వచ్చే వారం వెళ్తున్నాను. ఏమని చెప్పినా సరే, నా తలకాయలో ఏదో ఉన్నట్టే కదా.

ఇంకొకటి. సోమవారం ప్రాక్టీసుకు ఒక పిల్ల రాలేదు. సుభాషిణి మేడమ్ నన్ను చూసి, "అక్కా, జర ఒక్కరు తక్కువైన్రు, నిలబడ్తరా" అన్నారు. కొంగు బిగించి నిలబడ్డాను. కూతకు వెళ్ళినప్పుడు ఏమైందో ఏమో, కాళ్ళు వాటంతటవే ఉరికాయి. నన్ను కింద పడేయడానికి అయిదుగురు పిల్లలు కావలసి వచ్చింది. అందులో రుద్రమే నా కాలు గట్టిగా పట్టుకుంది. మోకాలు చెక్కుకుపోయింది, మెడ తిరగడం లేదు, ఈ ఉత్తరం పడుకుని రాస్తున్నాను.

రేపు మళ్ళీ వెళ్తున్నాను.

నీ చెల్లెలు,
పద్మలత