లూర్దీన్ పెళ్లికి తియ్యటి వైన్

మడ్గావ్, ఆదివారం

కయిటాన్ అన్నయ్యా,

ఇక్కడ అందరూ కులాసాయే, నాకే కాలు నిలవడం లేదు. మా లూర్దీన్ పెళ్లి విందుకి మీ బావ నిన్న రెండు రకాల వైన్ తెచ్చాడు. రెండూ మనకి అందే ధరవే. పుల్లటిది నోట్లో పోసుకుని ఎస్పెరాన్సా అత్త "ఇది వెనిగరే! పంది మాంసం కూరలో పోసెయ్" అని ఉమ్మేసింది. తియ్యటిది పోస్తే బొంబాయి వియ్యంకుడు "దగ్గుమందా చెల్లెమ్మా?" అంటాడు. చివరికి తియ్యటిదే చెప్పేశాం. ముసలమ్మలు కూడా గ్లాసు ఎత్తాలి కదా.

మేనమామవి, అందరూ గ్లాసులెత్తే ముందు నాలుగు మాటలు, అదే టోస్టు, చెప్పేది నువ్వే. బెర్నార్డా పెళ్లిలో ఆదాము దగ్గర మొదలుపెట్టావు. నువ్వు గ్లాసు ఎత్తేలోపు హాలంతా తాగేసి కూర్చుంది, మళ్లీ పొయ్యాల్సొచ్చింది. ఈసారి మా దగ్గర ఒక్కసారికే ఉంది, చెబుతున్నా!

నీ నడుం నొప్పి తగ్గిందా? మీ బొంబాయి దాదర్‌లో తెల్ల లేసు దొరికితే తీసుకురా. వదినకి, పిల్లలకి నా ముద్దులు. మరియమ్మ తల్లి మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ చెల్లెలు
సెవెరీనా

టోస్టులో అమ్మ పేరు ఒక్కటి చెప్పి గ్లాసు ఎత్తెయ్. ఈ వాడలో ప్రతి పెళ్లికీ జాడీల్లో వైన్ పెట్టిన మనిషి. ఆ పేరు విన్నాక, తాగింది తీపో పులుపో ఎవరికీ తెలీదు.