ముప్పై నాలుగు కిలోల పథ్యం

సెప్టెంబరు 8, సోమవారం. పొద్దున 6 గంటలు.

ఎరువుల అంగడోళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్ని నెలల్లో దీంట్లో నేను రాసింది ఒక్కటే ముక్క: "గ్యాస్ బండ వచ్చింది." ఇయ్యాల్టి నుంచి దీనికి మంచికాలం!

సంగతి ఏందంటే, పోయిన సోమవారం మా ఆయనకు గుండెపోటు వచ్చింది. కడపకు తీసకపోతే స్టెంటు ఏసినారు. శుక్రవారం ఇంటికి పంపినారు. ఆయన పేరు నారాయణ. ఊరు వేముల. పని చీనీ తోట. ఎవురి మాటా ఇనకపోవడం రెండో పని, అది మాత్రం ఏ కాలంలోనూ ఎండిపోదు.

చూడనీకి వచ్చినోళ్ళు అందరూ యాపిల్సే తెచ్చినారు. రోగి కాడికి పోతే యాపిల్ తీసకపోవల్లని మా పక్క యాడో శాసనం రాసుండాది. మూడొందల చీనీ చెట్లుండే మనిషికి కాశ్మీరు కాయలు! చీనీ అంటే కోస్తావోళ్ళు బత్తాయంటారే, అదే. మా చీనీలు లారీలెక్కి ఢిల్లీకి పోతాయి. ఆడి నుంచి యాపిల్స్ లారీలెక్కి మా మంచం కాడికొస్తాయి. లారీలోళ్ళు సల్లగుండల్ల. తోటలో కాటా మీద పెట్టి తూకమేసినా. ముప్పై నాలుగు కిలోలు!

ప్రొద్దుటూరులో ఉండే మా కూతురు శిల్ప ఇరవై వీడియోలు పంపించింది. యాపిల్ గుండెకు మంచిదంట, కడుపుకు మంచిదంట, నిద్రకు, మొఖానికి, ఆఖరికి గిన్నెలు, బోకులు తోమనీకి గూడా మంచిదంట. ఇంత మంచిది మా అత్త గూడా కాదు.

అందుకని తీర్మానం.
ఒకటి: ఇరవై ఒక్క రోజు. ఒక్క కాయ గూడా కుళ్ళగూడదు, పారేయగూడదు.
రెండు: ఇది తిండి కాదు, మందు. మందంటే పథ్యం ఉంటాది. కోడి బంద్. వంకాయ బంద్. గోంగూర బంద్. మిరపకాయ బజ్జీ పేరెత్తితే నోరు బంద్.
మూడు: ఆయన బతకల్ల. భయమైతాంది నాకు. ఇంట్లో ఎవురికీ తెలీనియ్యను.

"పథ్యం తప్పితే మందు పని చెయ్యదు, ఇంటాండావా?" అని ఆయన ముందర నిలబడి చెప్పినా.

"మా నాయనకు కామెర్లొస్తే ఆరు వారాలు పథ్యం చేపిచ్చినోణ్ణి. నాకే చెప్తావా?" అన్నాడు.

ఎంత బుద్ధిమంతుడు!

సెప్టెంబరు 9, మంగళవారం

6:30. పరగడుపున ఒక కాయ, తొక్క తీసి ఉప్పేసి. తలనొప్పికంట. "నాకు తలనొప్పి లేదు మే" అన్నాడు. తిను, రాకుండా ఉంటాది అన్నా.

8:00. డాక్టరు రాసిచ్చిన మాత్రలు మూడు చేతిలో పెట్టినా. "తోటకాడికి నడుచుకుంటా పోయి ఆడ ఏసుకుంటా. నడవమన్నారు గదా" అన్నాడు. చెప్పకుండానే నడుస్తాండాడు! ఉప్పేసిన యాపిల్ మహిమ!

7:00, సాయంత్రం. పాలల్లో ఉడకబెట్టిన యాపిల్. నిద్రకు. ఆయన ముట్టలేదు, నేనే తాగినా. పది నిమిషాల్లో గురక మొదలైందంట. నాది.

సెప్టెంబరు 11, గురువారం

పక్కింటి ఖమ్రున్నీసా వచ్చింది. బట్టలు కుడతాది, మాటలు గూడా కుడతాది. "గుండెకు సేబు మురబ్బాను మించిన మందు లేదు గురమ్మక్కా. మా నానీ చేసేది, తొంభై ఏండ్లు బతికింది" అనింది. సేబంటే యాపిలే, నానీ అంటే అమ్మమ్మ.

ఇంకేం! నాలుగు కిలోల కాయలు ఉడకబెట్టినా, చక్కెర పాకం పట్టినా, ఏలక్కాయలు దంచినా. జాడీ మూత బిగిచ్చినాక శిల్పకు ఫోన్ చేసినా.

"అమ్మా, నాయనకు షుగరు గూడా ఉండాదని మరిచిపోయినావా?"

మరిచిపోయినా. జాడీ ఖమ్రున్నీసాకు పోయింది. ఆ యమ్మ గుండెకు ఇంక ఏ ఢోకా లేదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

విజయం!!! మసిబారిన అల్యూమినియం తపేలాలో యాపిల్ తొక్కలేసి అర్ధగంట ఉడకబెట్టినా. తళతళా మెరుస్తాంది, పెండ్లిలో ఇచ్చిన దినం గూడా ఇట్ల లేదు. ఆయన గుండె సంగతి దేవునికెరుక, తపేలా మాత్రం నూరేండ్లు బతుకుతాది.

సెప్టెంబరు 13, శనివారం

మామిడికాయ పప్పు. మామిడికాయ బదులు యాపిల్. యాపిల్ లో పులుపు లేదని పప్పు ఎనిపినాక తెలిసింది.

"యమ్మే, ఇది పాయసమైతే ఉప్పెందుకేసినావు? పప్పైతే తీపెందుకేసినావు?"

మందు అన్నా. కుక్కకు పెడితే అది గిన్నెను చూసి, నన్ను చూసి, ఖమ్రున్నీసా ఇంటి కల్ల పోయింది.

సెప్టెంబరు 15, సోమవారం

యాపిల్ పక్కన పెడితే అరటికాయలు బిరీన మాగుతాయని వీడియో. పులివెందుల నుంచి మా చిన్నాయన పంపిన గెల ఉంటే, నాలుగు యాపిల్స్ పెట్టి గోనెసంచి కప్పినా, శనివారం. ఇయ్యాల తీసి చూస్తే గెలంతా ఒకేసారి పండింది. నూటా ఇరవై పండ్లు! ఎవురు తినల్ల? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

యాపిల్స్ ఇంకా ఇరవై నాలుగు కిలోలుండాయి. మా ఆయనకు నేను చెప్పలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

యాపిల్ గుజ్జు, తేనె, మొఖానికి పూసుకొని అర్ధగంట కండ్లు మూసుకోమన్నారు వీడియోలో. పది నిమిషాలకే చీమలు. మొఖం బెల్లం గడ్డ మాదిరి ఉబ్బింది. శిల్పకు ఫొటో పంపిస్తే "ఎవురమ్మా ఈయమ్మ?" అనింది.

ఆయన బస్టాండు కాడ మిరపకాయ బజ్జీలు తింటా కనబడినాడని ఖమ్రున్నీసా కబురు. అడిగితే, "బజ్జీ మీద పిండి మాత్రమే తిన్నా, మిరపకాయ పక్కన పెట్టినా" అన్నాడు.

ఇయ్యాల యాపిల్ ఇయ్యలేదు. మరిచిపోవడం కాదు, విరామం. వీడియోల మధ్యలో గూడా అడ్వర్టైజుమెంటు వస్తాది గదా.

సెప్టెంబరు 19, శుక్రవారం

మంచి ఉపాయం! జమ్మలమడుగులో మా మేనత్త ప్రమీలమ్మ నీళ్ళు పోసుకుంటా బచ్చలింట్లో జారి కాలు ఇరగ్గొట్టుకునింది. పోయి చూడకపోతే మాటొస్తాది. ఆరు కిలోల యాపిల్స్ సంచిలో ఏసుకొని బస్సెక్కినా. పారేసినట్టు కాదు, మందు పంచినట్టు.

పోయి చూస్తే ఆయమ్మ మంచం కింద మూడు సంచులు. అన్నీ యాపిల్సే! వచ్చేటప్పుడు, "నారాయణ గూడా మంచంలో ఉండాడు గదా, నా వంతు చూసినట్టు ఉంటాది, తీసకపో" అని సంచి నా చంకలో పెట్టింది. ఎంత వద్దన్నా ఇడిస్తే గదా. ఇంటికొచ్చి తూకమేసినా.

ఎనిమిది కిలోలు.

సెప్టెంబరు 20, శనివారం

నాటుకోడి పులుసు, రాగి సంగటి.

నాకే చేసుకున్నా. జమ్మలమడుగు పోయొచ్చి నీరసంగా ఉండాది. ఆయనకు యాపిల్ ముక్కలు ప్లేట్లో పెట్టినా. ఆయన ప్లేటు కల్ల చూసినాడు, నా కంచం కల్ల చూసినాడు. తిట్టినా బాగుండు. ఒక్క ముక్క ఏసినా. తర్వాత ఇంకొకటి. నాలుగైనాయి.

పథ్యం తప్పినట్టు కాదు. పులుసులో రెండు యాపిల్ ముక్కలు గూడా ఏసినా.

సెప్టెంబరు 21, ఆదివారం

గంప అడుగున కుళ్ళు వాసన. ఐదు కిలోలు బర్రెకు పెట్టినా. తలకాయ ఊపి ఊపి తినింది. ఈ ఇంట్లో నా మాట ఇనేది అదొక్కటే.

సెప్టెంబరు 22, సోమవారం

పొద్దున 11 గంటలప్పుడు తోటలో ఎద పట్టుకొని కూర్చున్నాడంట. కూలోళ్ళు అరుచుకుంటా వచ్చినారు. ఒళ్ళంతా చెమట. కారు పిలిపిచ్చి కడపకు తెచ్చినాం. దావలో నా చెయ్యి పట్టుకున్నాడు, ముప్పై ఏండ్లలో ఎప్పుడూ పట్టుకోనోడు. లోపలికి తీసకపోయినారు. నేను బయట బెంచీ మీద కూర్చోని ఇది రాస్తాండా. ఏం రాయల్లో తెలీడంలేదు.

సెప్టెంబరు 23, మంగళవారం

బతికినాడు. స్టెంటు కాడ గడ్డ కట్టిందంట, టయానికి తెచ్చినారన్నాడు డాక్టరు.

"మాత్రలు సరిగ్గా ఏసుకుంటాండాడా అమ్మా?"

"దినమ్మూ నా చేత్తోనే ఇస్తాండా సార్."

మా ఆయన ఫ్యాను కల్ల చూస్తాండాడు. నాకు అనుమానమొచ్చింది. డాక్టరు పోయినాక దగ్గరికి పోయి అడిగినా. మెల్లగా చెప్పినాడు:

"ఎట్ల ఏసుకుంటా మే? నాటుమందు తినేటప్పుడు ఇంగ్లీషు మందు తగలగూడదు. రెండూ కలిస్తే ఒకదానికొకటి ఇరుగుడు. కామెర్లప్పుడు మా నాయన ఆరు వారాలు సూది గూడా ఏపిచ్చుకోలేదు. పథ్యం పెట్టింది నువ్వే గదా."

"మరి మాత్రలు యాడ పోయినాయి?"

"చీనీ చెట్టు పాదులో."

పదమూడు దినాల మాత్రలు! ఆ చెట్టుకు ఇంక జన్మలో గుండెపోటు రాదు.

కోడి తిన్నాడు. బజ్జీలు తిన్నాడు. పథ్యంలో అన్నీ ఇడిచిపెట్టి ఇదొక్కటి పట్టుకున్నాడు. ముప్పై ఏండ్లలో నా మాట ఒక్కటి ఇన్నాడు, అదే ఆయన్ను చంపబోయింది. వార్డులో అందరి ముందరా ఆయన్ను తిట్టినా, నన్ను తిట్టుకున్నా, కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చినా. పక్క మంచం వాళ్ళు నన్ను ఊరుకోబెట్టి ఒక యాపిల్ ఇచ్చినారు.

సెప్టెంబరు 27, శనివారం

ఇంటికొచ్చినాం. మధ్యాన్నానికే చూడనీకి వచ్చినోళ్ళు పద్నాలుగు మంది. కాటా తీయలేదు. గంప నిండింది, అంతే.

కొత్త తీర్మానం. మళ్ళా ఇరవై ఒక్క రోజు.
ఒకటి: మాత్రలు నా కండ్ల ముందర మింగల్ల. నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపియ్యల్ల.
రెండు: శిల్ప వీడియోలు పంపితే ఫోన్ బావిలో ఏస్తా.

రాత్రి 8:00. ఐదు మాత్రలు. ఒక్కొక్కటే మింగినాడు. మొఖం ముడుచుకొని నోరు తెరిచినాడు. చూసినా. నాలుక కిందా చూసినా.

"నోరంతా చేదుగా ఉండాది మే. ఒక యాపిల్ ముక్క కోసియ్యి" అన్నాడు.

ఈయన అడగడం! కత్తి తీసినా. సగం కోసినాక నా చెయ్యి పట్టుకొని ఆపినాడు.

"ఇది మందేనా?"

"కాదు. వట్టి కాయ."

"అయితే ఇయ్యి."